గళ్ళకాగితముపై రహదారి

ఏలూరునుండి భీమడోలు, ఉంగుటూరుల మీదుగా తాడేపల్లిగూడెమునకు పోవు రహదారిని ఎరుగనివారు మన చదువరులలో నుండరు. కొల్లేటి ప్రాంతపు చేపలతో ఐసునీరు కార్చుకొనుచు పోవు లారీలు, ధాన్యపు బస్తాల ట్రాక్టర్లు, గూడెము మార్కెట్టునకు ఉల్లిపాయలు తెచ్చు బండ్లు, ఆటోలు, మోటారుసైకిళ్లు, వాటి నడుమ బడికి వచ్చు మన పిల్లలు, అందరును త్రోవను పంచుకొనవలసినవారే. ఇట్టి త్రోవలలో ఒక్కొక్కప్పుడు బండ్లన్నియు బారులుతీరి నిలిచిపోవును. మెల్లగా ముందునకు పోయి చూచినచో, అచ్చట విరిగిన లారీయు లేదు, కూలిన చెట్టును లేదు. మరి అంతమంది యేల నిలిచిరి? ఈ ప్రశ్నను ఈ సంవత్సరము మా తొమ్మిదవ తరగతిలో నొక బాలుడు అడిగెను. దానికి ఉత్తరము వెదకుచు మేము నేర్చుకొనిన పాఠము నిచ్చట వ్రాయుచున్నాము.

రహదారిని వేయుటకు గాని మార్చుటకు గాని ముందుగా, దానిపై బండ్లెట్లు నడచునో కంప్యూటరులో నడపి చూచు పద్ధతి యొకటి కలదు. దీనిని రాకపోకల అనుకరణ మందుము. జర్మనీదేశపు అంతరిక్షయాన పరిశోధనసంస్థవారు తయారుచేసిన ‘సుమో’ అను సాఫ్ట్‌వేరును ఎవరైనను ఉచితముగా వాడుకొనవచ్చును. అందులో ప్రతి బండికిని ఒక నడవడిని మనమే నేర్పవలెను. దాని పొడవెంత, అత్యధిక వేగమెంత, ముందుబండికి ఎంత ఎడముగా నుండును, చోదకుడు ఎంతసేపటికి బ్రేకు త్రొక్కును అను సంగతులు చెప్పవలెను. యంత్రమునకు స్వబుద్ధి లేదు. మనము చెప్పినది చేయును. చెప్పనిది దానికి లేనేలేదు.

ఈ విద్యకు కంప్యూటరు లేకున్నను గళ్ళకాగితము చాలును. 1992 లో నాగెల్, ష్రెకెన్‌బర్గ్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు మిక్కిలి సులభమైన నమూనా నొకదానిని ప్రకటించిరి. అందు త్రోవను 7.5 మీటర్ల గడులుగా విభజింతురు. ఒక గడిలో ఒక బండి యుండును, లేదా గడి ఖాళీగా నుండును. ప్రతి సెకనుకును నాలుగు సూత్రములు వరుసగా పాటింపవలెను. మొదటిది, వేగము హద్దు దాటకుండ ఒక గడి పెంచుకొనవలెను. రెండవది, ముందున్న ఖాళీ గడులకంటె వేగము ఎక్కువైనచో అంతకు తగ్గించుకొనవలెను. మూడవది, అప్పుడప్పుడు ఎవరో యొకరు నిష్కారణముగా ఒక గడి వేగము తగ్గింతురు. నాలుగవది, వచ్చిన వేగము చొప్పున అందరును ఒక్కమారే ముందునకు జరుగవలెను. మూడవ సూత్రమే మానవస్వభావము. ఫోను చూచువాడు, ప్రక్కవానితో మాటలాడువాడు, వట్టి భయముచే బ్రేకు త్రొక్కువాడు ఇందు చేరుదురు.

మేము ఐదు చింతగింజలను 12, 9, 6, 3, 0 అను గడులలో నుంచితిమి. ఒక్కొక్కదాని ముందు రెండేసి గడులు ఖాళీ. వేగము సెకనుకు రెండు గడులు, అనగా గంటకు 54 కిలోమీటర్లు. మొదటి సెకనులో ముందుగింజ మాత్రము నిష్కారణముగా ఒక గడియే జరిగినది. మరుసటి సెకనులో అది మరల వేగమందుకొని తన దారిని తాను పోయినది. కాని రెండవ గింజకు ముందు ఒక్క గడియే మిగిలినందున అది తగ్గవలసివచ్చెను. మూడవ సెకనులో మూడవది, నాలుగవ సెకనులో నాలుగవది, ఐదవ సెకనులో ఐదవది తగ్గినవి. తగ్గిన చోట్లను గుర్తించి చూడగా 12, 11, 10, 9, 8 వ గడులుగా తేలినవి. బండ్లు ముందునకు పోవుచుండగా అడ్డంకి వెనుకకు నడచుచున్నది! తప్పు చేసినవాడు వెనుకకు తిరిగి చూడకుండ పోయెను. దాని ఫలము వానిని ఎరుగనివారికి కలిగెను. బాలుని ప్రశ్నకు ఇదియే యుత్తరము.

ఇది కాగితపు వింత మాత్రమే కాదు. జపానుదేశమున 230 మీటర్ల చుట్టుగల వలయముపై 22 కార్లను సమానవేగముతో నడుపుమని చెప్పి చూచిరి. కొంతసేపటికే కారణము కానరాకుండ కార్లు గుమిగూడి నిలువసాగినవి. ఆ గుంపు వెనుకకు జరుగుచు వచ్చినది. ఈ ఫలితములు 2008 లో ప్రకటింపబడినవి.

ఇంతవరకు మాకు మిక్కిలి సంతోషముగా నుండెను. మరునాడు మా బడి ముందరి త్రోవను గీసి, కార్లను, బస్సులను, లారీలను నడపి, ఈ త్రోవకు కొరత యేమియు లేదని తీర్పు చెప్పితిమి. అప్పుడు కొల్లేటిగట్టు గ్రామమునుండి వచ్చు బాలిక యొకతె లేచి, “మాస్టారండీ, నా సైకిలు ఏ గడిలో పెట్టారండీ?” అని అడిగెను. మేము నిరుత్తరులమైతిమి. సైకిలు లేదు, ఆటో లేదు, నడచువారు లేరు. ఆ పొరపాటు పిల్లలది కాదు, మాది. పుస్తకములోని నమూనాను తెచ్చి మన త్రోవపై పరచితిమే కాని, గేటు వెలుపలికి పోయి చూడమైతిమి.

వెంటనే సైకిళ్లకు పెసరగింజలు, నడచువారికి ఆవగింజలు తెచ్చితిమి. బడి విడుచువేళ ఆవగింజలు త్రోవ దాటసాగగానే చింతగింజలు నిలిచి, వాటి బారు కాగితపు అంచువరకు పోయెను. గణితము నిన్నటిదే, లెక్కకు వచ్చినవారు మాత్రము నేటివారు.

మన దేశపు పండితులు ఈ చిక్కును ఎన్నడో గుర్తించిరి. విదేశపు నమూనాలలో బండ్లు వరుస తప్పవు; మనవి సందు దొరికినచోట దూరును. అందుచే ఆరసన్, కోషీ అనువారు 2005 లో ప్రకటించిన పద్ధతిలో వరుసలు మాని, త్రోవ వెడల్పునంతటిని ఒక్కటిగా తీసికొనిరి. మల్లికార్జున, రామచంద్రరావు అనువారు 2009 లో గడులనే చిన్నవి చేసి, పెద్దబండికి అనేక గడులిచ్చిరి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెసువారు 1990 లో గ్రామీణ రహదారులకు ప్రకటించిన పట్టికలో కారు 1, సైకిలు 0.5, బస్సు లేక లారీ 3, ఎడ్లబండి 8. ఎడ్లబండి కారుకంటె ఎనిమిది రెట్లు పెద్దదని కాదు. దాని మందగమనము ఇతరులకు కలిగించు ఆటంకమంత. ఆ పట్టికలో నడచువానికి అంకె లేదు. వానికై వేరు సూచనలు గలవు. రెండింటిని కలిపి చూచుట మన పని.

విద్యార్థులారా, మరియొక లెక్క కంఠస్థము చేయుడు. గంటకు 50 కిలోమీటర్ల వేగమున పోవు బండి, చోదకుడు మిమ్ము చూచి బ్రేకు త్రొక్కులోపల, 2.5 సెకనుల చొప్పున, సుమారు 35 మీటర్లు వచ్చును. పూర్తిగా ఆగుటకు మన ఇంజనీర్లు 60 మీటర్లు కావలెనందురు. కావున “నన్ను చూచినాడు, ఆగును” అని అడుగు వేయకుడు. చూచుట వేరు, ఆగుట వేరు. తల్లిదండ్రులారా, పిల్లలను బడికి దింపు వేళ మీ బండి బ్రేకు వెనుకనున్న ఐదవవానిని కూడ తలచుకొనుడు.

వచ్చు సంవత్సరము మా విద్యార్థులు పలకలు పట్టుకొని గేటు లోపల నిలిచి, ఉదయసాయంకాలములందు పోవు ప్రతి సైకిలును, ప్రతి పాదచారిని లెక్కవ్రాయుదురు. ఆ లెక్కను త్రోవ బాగుచేయు అధికారులకు సమర్పింతుము. కాగితముపై చోటు లేనివానికి త్రోవపై చోటు దొరకదు. ఈ మాట మాకు నేర్పినది పుస్తకము కాదు, ఆ బాలిక ప్రశ్న.