ఐసీయూలో మందుకు లొంగని బాక్టీరియా

ప్రశ్న: మా బాపుకు 74 ఏళ్లు. షుగర్ ఉంది. న్యుమోనియాతో కరీంనగర్‌లో ఐసీయూలో చేర్పించాం, వెంటిలేటర్ మీద ఉన్నాడు. కోలుకుంటున్నాడనుకునే లోపే మళ్లీ జ్వరం వచ్చింది. కల్చర్ రిపోర్టులో ‘క్లెబ్సియెల్లా’ అని, చాలా మందుల ఎదురుగా ‘ఆర్’ అని ఉంది. మెరోపెనెం పనిచేయదని కొలిస్టిన్ ఇస్తున్నారు. ఎందుకిలా అయింది? ఇంటికి తెచ్చాక పిల్లలకు అంటుకుంటుందా?
– ఒక పాఠకుడు, ఇబ్రహీంపట్నం, జగిత్యాల జిల్లా

జవాబు: ‘ఆర్’ ఉన్న మందుకు ఆ బాక్టీరియా లొంగదు, ‘ఎస్’ ఉన్నదానికి లొంగుతుంది. మొండికేసింది మీ బాపు ఒళ్లు కాదు, బాక్టీరియా. క్లెబ్సియెల్లా మందును విరగ్గొట్టే ఎంజైములు తయారుచేసుకుంటుంది. ఆ జన్యువులను పక్క బాక్టీరియాకూ అందిస్తుంది. వయసు, షుగర్ వల్ల రోగనిరోధక శక్తి తగ్గి ఉంటుంది. శ్వాసగొట్టం, యూరిన్ పైపు, పెద్ద సిరలో పెట్టే సెంట్రల్ లైన్ ప్రాణం నిలబెట్టేవే అయినా, బాక్టీరియా లోపలికి చేరే దారులు కూడా అవే.

కొలిస్టిన్ పాత మందు. కిడ్నీలను దెబ్బతీస్తుందని ఒకప్పుడు పక్కన పెట్టారు. వేరే మందులు పనిచేయనప్పుడు మళ్లీ వాడాల్సి వస్తోంది. అందుకే కిడ్నీల పనితీరు చూడటానికి క్రియాటినిన్ తరచూ పరీక్షిస్తారు.

ఈ మొండితనం ఒక్క ఐసీయూలోనే పుట్టదు. జలుబుకూ వైరల్ జ్వరానికీ యాంటీబయాటిక్స్ వాడటం ఒక కారణం. మందుల వ్యర్థాలు నీళ్లలో కలవడం మరొకటి. హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరులో మందుల కంపెనీల వ్యర్థజలాలను శుద్ధి చేసే కేంద్రం వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉన్నట్టు 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించారు. మందు వేసుకున్న మనిషి రక్తంలో ఉండేదానికన్నా అది ఎక్కువ.

మీరు చేయగలిగినవి ఇవి:

• గత మూడు నెలల్లో ఆర్‌ఎంపీ దగ్గర, మెడికల్ షాపులో తీసుకున్న యాంటీబయాటిక్స్ చీటీలు, ఖాళీ స్ట్రిప్పులు ఐసీయూ డాక్టర్‌కు చూపించండి.
• బాపును ముట్టుకునే ముందు, తర్వాత చేతులు శుభ్రం చేసుకోండి.
• ‘ఈ పైపు ఇంకా అవసరమా?’ అని డాక్టర్‌ను అడగండి. అవసరం తీరిన పైపు ఎంత త్వరగా తీస్తే అంత మంచిది.

ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు దీనివల్ల సాధారణంగా జబ్బు రాదు. ముందుజాగ్రత్త అంటూ వాళ్లకు యాంటీబయాటిక్స్ వేయకండి. ఇంట్లో యూరిన్ బ్యాగు, డైపర్ మార్చాక సబ్బుతో చేతులు కడుక్కుంటే చాలు. కల్చర్ రిపోర్టు దాచిపెట్టి, మళ్లీ ఏ ఆస్పత్రికి వెళ్లినా ముందు అదే చూపించండి. కోలుకున్నాక ఫ్లూ, న్యుమోనియా టీకాల గురించి డాక్టర్‌ను అడగండి.

పాఠకులందరికీ ఒక్క మాట: జ్వరం రాగానే యాంటీబయాటిక్ ఇవ్వమని డాక్టర్‌ను ఒత్తిడి చేయకండి. డాక్టర్ రాస్తే మాత్రం చెప్పిన మోతాదులో, చెప్పినన్ని రోజులు వాడండి.