లెక్క సరే, రీడింగ్ ఎక్కడ తీశారు?

వోల్టేజీని కరెంటుతో భాగిస్తే రెసిస్టెన్స్. రెండింటినీ గుణిస్తే పవర్. ఐటీఐలో మొదట్లోనే నేర్పే లెక్క, ఇంటర్వ్యూలో మొదట్లోనే అడిగే ప్రశ్న. అయినా మెయింటెనెన్స్‌లో చాలామంది బోల్తా పడేది ఇక్కడే. భాగహారం తప్పు చేసేవాళ్లు తక్కువ. ఒకచోట తీసిన వోల్టేజీని ఇంకోచోట తీసిన కరెంటుతో కలిపి లెక్క కట్టేవాళ్లు ఎక్కువ.

గీజర్ కంప్లైంట్

230 వోల్టుల, 2000 వాట్ల గీజర్ తీసుకోండి. 2000ను 230తో భాగిస్తే 8.7 ఆంప్స్ లాగాలి. 230ని 8.7తో భాగిస్తే ఎలిమెంట్ రెసిస్టెన్స్ సుమారు 26.4 ఓమ్‌లు. ఈ రెండు అంకెలు ముందే కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఎంత రావాలో తెలియకుండా మీటర్ పెడితే, వచ్చిందే కరెక్ట్ అనిపిస్తుంది.

నీళ్లు ఆలస్యంగా వేడెక్కుతున్నాయని కంప్లైంట్. టెక్నీషియన్ బోర్డు దగ్గర చూస్తే 230 వోల్టులు, క్లాంప్ మీటర్‌లో 7.8 ఆంప్స్. భాగిస్తే 29.5 ఓమ్‌లు వచ్చింది. ఎలిమెంట్ పోయిందని రాసి, కొత్తది వేశాడు. నీళ్లు మళ్లీ అలాగే. పార్ట్ ఖర్చు, రెండో విజిట్, సూపర్‌వైజర్ చీవాట్లు అన్నీ అతని ఖాతాలోనే పడ్డాయి.

గీజర్ ఆన్‌లో ఉండగానే దాని టెర్మినల్స్ దగ్గర వోల్టేజీ చూసి ఉంటే 207 వచ్చేది. 207ను 7.8తో భాగిస్తే 26.5 ఓమ్‌లు. అంటే పాత ఎలిమెంట్ బాగానే ఉంది. పవర్ మాత్రం 1615 వాట్లకు పడిపోయింది. వోల్టేజీ 10 శాతం తగ్గితే ఇలాంటి లోడ్‌లో పవర్ 19 శాతం తగ్గుతుంది, ఎందుకంటే దాంతోపాటు కరెంటూ తగ్గుతుంది.

మరి దారిలో 23 వోల్టులు ఏమయ్యాయి? 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు రెసిస్టెన్స్ కిలోమీటరుకు సుమారు 7.4 ఓమ్‌లు. బోర్డు నుంచి గీజర్‌కు 20 మీటర్లుంటే, ఫేజ్, న్యూట్రల్ కలిపి 40 మీటర్లు, అంటే 0.3 ఓమ్. 7.8 ఆంప్స్‌కి రెండు వోల్టులకు కాస్త పైన తింటుంది, అంతే. మిగతా 20 వోల్టులు వైరు తినలేదు, ఏదో జాయింట్ తింటోంది. 20ని 7.8తో గుణించి చూడండి: దాదాపు 160 వాట్లు. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌లు ఆరు ఒకే బాక్సులో పెట్టినంత వేడి. కంప్లైంట్ వేడినీళ్ల గురించి వచ్చింది గానీ, అక్కడ జరగబోయేది అగ్నిప్రమాదం.

మోటారు దగ్గర ఈ లెక్క చెల్లదు

హీటర్‌కి పనికొచ్చిన సూత్రాన్ని మోటారుకు తగిలించకండి. వైండింగ్‌ని మల్టీమీటర్‌తో చూస్తే కొన్ని ఓమ్‌లే ఉంటుంది. సప్లై వోల్టేజీని దాంతో భాగిస్తే వచ్చే కరెంటు నడిచే మోటారుది కాదు. పవర్ లెక్కలోనూ ఇదే చిక్కు. 5 హెచ్‌పీ త్రీఫేజ్ మోటారు 415 వోల్టుల మీద 7.2 ఆంప్స్ తీసుకుంటే, 415ను 7.2తో గుణించి ఆగిపోతే తప్పు. 1.732తో గుణిస్తే 5175 వోల్ట్-ఆంపియర్లు. పవర్ ఫ్యాక్టర్ 0.85 అయితే అసలు ఇన్‌పుట్ 4400 వాట్లు. అందులో షాఫ్ట్ మీదికి వచ్చేది 5 హెచ్‌పీ, అంటే 3730 వాట్లే. మిగతాది మోటారులోనే నష్టం.

ఇంటర్వ్యూలో తికమక పెట్టే ప్రశ్న ఒకటుంది: వోల్టేజీ తగ్గితే కరెంటు తగ్గుతుందా, పెరుగుతుందా? ఏ లోడ్ అని మీరు ఎదురడగాలి. హీటర్‌లో తగ్గుతుంది. లోడ్ మీద నడుస్తున్న మోటారులో పెరుగుతుంది. పొలాల్లో లో వోల్టేజీకి పంపు మోటార్లు కాలడానికి కారణం ఇదే. మోటారు ఓవర్‌లోడ్ రిలే పదేపదే ట్రిప్ అవుతోందని సెట్టింగ్ పెంచమని రైతు ఒత్తిడి చేస్తాడు. పెంచితే ఆ రోజుకి నీళ్లు పారతాయి, తర్వాత వైండింగ్ బిల్లు వస్తుంది. ఆ మాట ముందే చెప్పండి.

తరచూ జరిగే పొరపాట్లు

క్లాంప్‌లో ఫేజ్, న్యూట్రల్ రెండూ కలిపి పెడితే సున్నా చూపిస్తుంది. లోడ్ లేదనుకోకండి, ఒక్క వైరే పెట్టండి.

ప్రోబ్ 10 ఆంప్స్ సాకెట్‌లో మర్చిపోయి వోల్టేజీ చూస్తే అది షార్ట్ సర్క్యూటే. ప్రతిసారీ సాకెట్ చూసుకున్నాకే మీటర్ తగిలించండి.

ఓమ్స్ చూసేముందు సప్లై ఆపి, ఆగిందని మీటర్‌తో నిర్ధారించుకుని, ఒక వైరు విప్పండి. లేకపోతే పక్క దారి రెసిస్టెన్స్ కూడా కలిసిపోతుంది.

చల్లగా ఉన్న ఫిలమెంట్ బల్బు రీడింగ్‌తో పవర్ కట్టకండి. 100 వాట్ల బల్బు వెలుగుతున్నప్పుడు 529 ఓమ్‌లు, ఆర్పి చూస్తే అందులో పదో వంతు కూడా ఉండదు.

మిల్లీఆంప్స్‌ని ఆంప్స్‌గా మార్చండి. 24 వోల్టుల రిలే కాయిల్ 40 మిల్లీఆంప్స్ తీసుకుంటే 24ను 0.04తో భాగించాలి. 600 ఓమ్‌లు, ఒక వాట్‌కి కాస్త తక్కువ. 40తో భాగిస్తే 0.6 ఓమ్ వస్తుంది, మంచి కాయిల్‌ని షార్ట్ అయిందని పారేస్తారు.

రిపోర్ట్‌లో వట్టి 207 అని రాయకండి. "గీజర్ టెర్మినల్స్ దగ్గర, లోడ్‌తో, 207 వోల్టులు, 7.8 ఆంప్స్, అదే సమయంలో బోర్డు దగ్గర 230" అని రాయండి. టైమ్ లేదని సూపర్‌వైజర్ తొందరపెడతాడు, పెట్టనివ్వండి. రెండో రీడింగ్‌కి పట్టేది రెండు నిమిషాలు. ఆరు నెలల తర్వాత ఆ జాయింట్ కాలి, ఎవరు చూశారని ఫైలు తీసినప్పుడు, మీ తరఫున మాట్లాడేది ఆ ఒక్క లైనే.