పదింటి టీ గ్లాసు

పదో తరగతి మాధ్యమిక్ పరీక్షలు దగ్గరపడితే సుభాష్‌పల్లిలోని మన తెలుగిళ్లలో రాత్రి పదింటికి మళ్లీ టీ గిన్నె పొయ్యెక్కుతుంది. నైట్ డ్యూటీకెళ్లే నాన్నకి పెట్టే చిక్కటి అల్లం టీయే, ఓ గ్లాసు పిల్లాడి పుస్తకం పక్కకీ చేరుతుంది. ప్రేమతో పెట్టిందే, కాదనను. కానీ నాన్న పగలు పడుకుంటాడు. పిల్లాడు పొద్దున్నే ట్యూషన్‌కి పరిగెత్తాలి.

ఆ టీ ఏం చేస్తుందో తెలియాలంటే ముందు మెదడు సంగతి చూడాలి. మెదడులో ఒక నాడీకణం పక్కదానితో మాట్లాడేది ఎక్కువగా రసాయనాలతోనే. నరాలు ఇలా రసాయనాలతో సందేశం పంపుతాయని 1921లో ఒట్టో లోవీ అనే శాస్త్రవేత్త కప్ప గుండెలతో చూపించాడు. ఒక గుండెకి వెళ్లే నరాన్ని ప్రేరేపిస్తే ఆ గుండె నెమ్మదించింది. దాన్ని తడిపిన ద్రవాన్ని రెండో గుండెకి పోస్తే, ఏ నరమూ తాకకుండానే అదీ నెమ్మదించింది.

పగలంతా మెదడు ఏటీపీ అనే ఇంధనాన్ని ఖర్చుచేస్తుంది. 1929లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి దాన్ని కనిపెట్టింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావే (అదే ఏడు జర్మనీలో లోమాన్ కూడా విడిగా కనిపెట్టాడు). ఈ సంగతి పిల్లలకి తప్పక చెప్పండి. ఏటీపీ ఖర్చులోంచే అడినోసిన్ అనే రసాయనం పోగవుతుంది. అది నాడీకణాల మీది గ్రాహకాల్లో కుదురుకుంటే మగత కమ్ముతుంది.

టీలోని కెఫీన్ ఆ గ్రాహకాల దగ్గర చేసేదల్లా, రైలు ఆగకముందే జనరల్ బోగీ సీటు మీద తువ్వాలు పడేయడం. సీటు నిండదు, ఎవరినీ కూర్చోనివ్వదు. అలసట ఎక్కడికీ పోదు, తలుపు దగ్గర నిలబడి పెరుగుతూనే ఉంటుంది. పెద్దవాళ్లలో కెఫీన్ సగానికి తగ్గడానికే దాదాపు 5 గంటలు పడుతుంది. అంటే తెల్లవారుజామున మూడింటికి కూడా సగం టీ ఒంట్లోనే! చదివింది జ్ఞాపకంలో కుదురుకునేది ఎక్కువగా నిద్రలోనే కదా, ఆ నిద్రకే గండి కొడుతున్నాం. 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలంటారు వైద్యులు.

టీ విషమేం కాదు. సాయంత్రం బడి నుంచి రాగానే చిన్న గ్లాసు ఇవ్వండి, చాలు. రాత్రి ఆవలింతలు మొదలైతే మందలించకుండా పుస్తకం మూయించి, కనీసం ఎనిమిది గంటల నిద్రయ్యాకే లేపండి. కోలాలు, ఎనర్జీ డ్రింకుల్లోనూ కెఫీనే ఉంటుందని మరవకండి. రోజూ రెండు మూడు గ్లాసులు అలవాటైన పిల్లలకి ఒక్కసారిగా మాన్పిస్తే కొన్ని రోజులు తలనొప్పి, చిరాకు రావచ్చు. అందుకని పరీక్షల వారంలో కాదు, ఇప్పటినుంచే గ్లాసు సైజు తగ్గిస్తూ రండి.