ఇల్లు మారుట

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అని మన పెద్దలు చెప్పిరి. ఆ రెండు కార్యములకును ధనముకంటె ఓర్పు, ముందుచూపు ఎక్కువగా కావలెను. ఆ సామెతకు “ఇల్లు మారి చూడు” అను మాటను గూడ చేర్చినచో తప్పు లేదు. అనేక సంవత్సరములు ఒకచోట కుదురుకొనియున్న సంసారమును వస్తువు వస్తువుగా విప్పి, వేరొక ఊరికి చేర్చి, మరల నిలబెట్టుట సామాన్యమైన పని కాదు.

పూర్వము పుట్టిన యింటనే ముదిమి గడపినవారు పెక్కుమంది యుండిరి. ఉద్యోగములు పెరిగినకొలది బదిలీలును పెరిగినవి. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము అవతరించి కర్నూలు రాజధాని కాగా, మదరాసులోని ప్రభుత్వోద్యోగులు అనేకులు అచటికి తరలిరి. భవనములు చాలక కొన్ని కచేరీలు డేరాలలో నడచెను. 1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశము ఏర్పడి హైదరాబాదు రాజధాని అయినపుడు వారిలో పెక్కుమంది మరల ప్రయాణము కట్టవలసి వచ్చెను. మూడు సంవత్సరములలో రెండు మారులు ఇల్లు మారుట ఎంత శ్రమయో ఊహింపవచ్చును.

నేడు సామాను కట్టి చేరవేయుటయే వృత్తిగా గల సంస్థలు నగరములన్నిటను కలవు. జనులు వానిని ‘ప్యాకర్స్ అండ్ మూవర్స్’ అని పిలుచుచున్నారు. వారి సహాయముచే పని సులభమైన మాట నిజమే. కాని శ్రమను ఇతరులకు అప్పగింపవచ్చును గాని, బాధ్యతను అప్పగింపరాదు. ఈ భేదమును గుర్తింపని కుటుంబము సొమ్ము వెచ్చించియు కష్టపడును.

విశాఖపట్టణమునుండి హైదరాబాదునకు బదిలీ అయిన ఒక కుటుంబమును తలచుకొనుడు. రెండు నగరముల నడుమ రోడ్డు మార్గమున 600 కిలోమీటర్లకు పైగా దూరమున్నది. ఆ యింటివారు ఒక నెల ముందుగానే పనికి పూనుకొనవలెను.

మొదటి పని ఏరివేత. లారీ కిరాయి సామాను పరిమాణమునుబట్టియు, దూరమునుబట్టియు ఏర్పడును. చీలిన బాల్చీని, విరిగిన కుర్చీని అంతదూరము మోయించుట వృథా. అయితే అవ్వ వాడిన తిరుగలి అట్టిది కాదు. విలువ లేని వస్తువు వేరు, వెల కట్టరాని వస్తువు వేరు. ఈ రెంటి భేదము ఆ యింటివారికే తెలియును. కూలికి వచ్చినవారికి తెలియదు. కావున ఏది విడువవలెనో, ఏది తీసికొనిపోవలెనో ఇంటివారే కూర్చుండి నిర్ణయించుకొనవలెను. పనికివచ్చు పాతబట్టలను, చదివిన పుస్తకములను కావలసినవారికి ఇచ్చివేయుట మేలు.

రెండవది సంస్థను ఎన్నుకొనుట. రెండు మూడు సంస్థలవారిని ఇంటికి పిలిచి సామానంతయు చూపవలెను. ఇల్లు చూడకయే ఫోనులో మిక్కిలి తక్కువ సొమ్ము చెప్పువారిని నమ్మరాదు. అట్టివారిలో కొందరు సామాను లారీ కెక్కిన పిమ్మట హెచ్చు సొమ్మడిగి బెదరించుటయు కలదు. కట్టుట, ఎక్కించుట, ఎన్నవ అంతస్తునకు చేర్చవలెను, దింపుట, విప్పుట, పన్నులు — వీనికన్నిటికిని కలిపి ఎంత అగునో కాగితముపై వ్రాయించుకొనవలెను. నోటిమాట లారీతోపాటు వెడలిపోవును. వ్రాత మన చేత నిలుచును.

చట్టము గూడ వ్రాతకే విలువనిచ్చును. సరకులు చేరవేయువారిని గూర్చి 1865లో ఏర్పడిన చట్టమునకు బదులుగా 2007లో క్రొత్త చట్టము వచ్చెను. దాని ప్రకారము వస్తువులు పోయినను, చెడిపోయినను, సామాను అప్పగించిన తేదీనుండి 180 దినములలోగా సంస్థకు వ్రాతమూలకముగా తెలియజేయవలెను. అట్లు తెలియజేయనిదే దావా వేయుటకు వీలులేదు. కావున రసీదును భద్రముగా దాచుకొనవలెను. విలువగల సామానునకు భీమా చేయించుటయు మంచిది.

మూడవది జాబితా. ప్రతి పెట్టెకును ఒక సంఖ్య వేసి, అందేమున్నదో, అది క్రొత్త యింట ఏ గదికి పోవలెనో ఒక పుస్తకములో వ్రాసికొనవలెను. ఈ పనిని బడి పిల్లలు చక్కగా చేయగలరు. బరువైన వానిని చిన్న పెట్టెలలోను, తేలికయైన వానిని పెద్ద పెట్టెలలోను ఉంచవలెను. పుస్తకములను పెద్ద పెట్టెలో నింపినచో పెట్టె అడుగు ఊడును. లేదా మోయువాని నడుము పట్టును. గాజుపళ్ళెములను ఒకదానిపై నొకటి పేర్చక, కాగితము చుట్టి అంచుపై నిలబెట్టవలెను. రిఫ్రిజిరేటరును ముందుదినముననే ఖాళీచేసి, మంచు కరగనిచ్చి, తుడిచి ఆరబెట్టవలెను.

కొన్ని వస్తువులను లారీలో ఎక్కింపనే రాదు. గ్యాసు సిలిండరును, రెగ్యులేటరును ఏజెన్సీవారికి అప్పగించి పత్రము పొందవలెను. కిరోసిను, బాణసంచా వంటివి అగ్నిప్రమాదమునకు కారణమగును. నగలు, మందులు, భూమి పత్రములు, పిల్లల సర్టిఫికెట్లు ఇంటివారి చేతిసంచిలోనే యుండవలెను.

కాగితముల పని మరువరాదు. పిల్లలకు పాత పాఠశాలనుండి బదిలీ సర్టిఫికెటు తీసికొనవలెను. 2014 జూన్ 2వ తేదీనుండి విశాఖపట్టణము, హైదరాబాదు వేరువేరు రాష్ట్రములలో నున్నవి. ఒక రాష్ట్రమున నమోదైన వాహనమును మరియొక రాష్ట్రమున పండ్రెండు నెలలకు మించి ఉంచుకొన్నచో అచట క్రొత్త నమోదు సంఖ్య పొందవలెను. అందులకు కావలసిన నిరభ్యంతర పత్రమును బయలుదేరకముందే సంపాదించుట మేలు.

లారీలో బరువైనవి ముందుభాగమున, అడుగున ఉండవలెను. చివర ఎక్కించినది మొదట దిగును. కావున పక్కబట్టలు, దీపము, పాలు పొంగించుటకు గిన్నె గల పెట్టెను చివర ఎక్కింపవలెను. క్రొత్త యిల్లు చేరినపిదప జాబితా చూచి ఒక్కొక్క పెట్టెను సరిచూచుకొనవలెను. విరిగినది, తగ్గినది ఏదైన నున్నచో ఆ సంగతి కాగితముపై వ్రాసిన తరువాతనే సంతకము చేయవలెను.

ఇంతవరకు సామానును గూర్చి చెప్పుకొంటిమి. సామాను మోయు మనుష్యులను గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. ఇనుప బీరువాను వీపునకెత్తుకొని మూడంతస్తులు ఎక్కించు హమాలి తన దేహబలమును మాత్రమే మనకు అమ్ముటలేదు. మన వస్తువు పగులకుండ తన ప్రాణమునే జాగ్రత్తగా నిలుపుకొని మెట్లెక్కుచున్నాడు. అతనికి దారి చూపుట, అడ్డములు తీయుట, చల్లని నీరిచ్చుట, చెప్పిన కూలిని తగవులాడక చెల్లించుట మన ధర్మము. “నీ పని నీవు చేయుము” అని దూరముగా కూర్చుండువాడు పనిని గూడ చెరచుకొనును. ఏ పెట్టె సుకుమారమైనదో మర్యాదగా చెప్పినచో వారును దానిని తమదిగా చూతురు.

బాలలారా! మీ యింట ఎన్నడైన ఇల్లు మారవలసి వచ్చినచో పెద్దలకు అడ్డము రాక, దూరముగను నిలువక, మీకు తగిన పనిని అడిగి తీసికొనుడు. మీ పుస్తకములను మీరే సర్దుకొనుడు. జాబితా వ్రాయుడు. ఇరుగుపొరుగువారికిని, ఉపాధ్యాయులకును, స్నేహితులకును చెప్పి సెలవు తీసికొనుడు. వస్తువులను లారీ చేర్చగలదు. కుదురును, స్నేహమును, గృహమర్యాదను మాత్రము ఆ యింటివారే వెంట తీసికొనిపోవలెను.