వెలి – బహిష్కారము : రాజకీయోద్యమములకు తగిన ఆయుధమేనా?

ఒక రాజకీయోద్యమము తన్ను వ్యతిరేకించువారితో ఎట్లు వ్యవహరింపవలెను? వాదించి ఒప్పింపవలెనా? ఓట్లతో ఓడింపవలెనా? లేక వారికి సంఘములో నిలువ నీడ లేకుండ చేయవలెనా? ఈ మూడవ మార్గమునకు నేడు 'కాన్సిల్ కల్చర్' అను పేరు వచ్చినది. ఒకని మాటయో చేతయో తప్పని తోచిన వెంటనే వేలమంది ఫోనులలో వాని పేరు చాటి, ఉద్యోగము గాని, బేరము గాని, సభలో చోటు గాని దక్కకుండ చేయుటయే దీని స్వరూపము. పేరు క్రొత్తదే గాని పని పాతది. తెలుగువారికి అది 'వెలి' అను చిన్న మాటలో చిరకాలముగ తెలిసినదే. నిప్పు నీరు ఇయ్యకుండుట, చాకలి మంగలి రాకుండ కట్టడి చేయుట, శుభాశుభములకు పిలువకుండుట వెలికి అంగములు. కావున ఈ ప్రశ్నను పాత అనుభవముల వెలుగులో పరిశీలించుట సులభము.

బాయికాట్ అను మాట పుట్టుక

ఐర్లండులో మేయో ప్రాంతమున లార్డ్ ఎర్న్ అను భూస్వామికి కెప్టెన్ చార్లెస్ బాయికాట్ ఏజెంటుగ ఉండెను. 1880లో కౌలు తగ్గింపు విషయమై రైతులకును అతనికిని తగవు వచ్చెను. ఆ సంవత్సరము సెప్టెంబరు 19వ తేదీన ఎన్నిస్ పట్టణములో పార్నెల్ అను నాయకుడు ఉపన్యసించుచు, రైతును వెళ్లగొట్టిన భూమిని కౌలుకు తీసికొనువానిని కాల్చి చంపుటకంటె, వీధిలోను అంగడిలోను పలుకరింపక విడిచిపెట్టుట మేలని సలహా ఇచ్చెను. కొలది దినములలో ఆ సలహా బాయికాట్‌పై ప్రయోగింపబడినది. కూలీలు పనికి రాలేదు. అంగళ్లవారు సరుకు అమ్మలేదు. కమ్మరి కూడ తొలగిపోయెను. పైనుండి వచ్చిన 50 మంది పనివారు వందలకొలది సైనికుల కాపలాలో పంట తీసిరి. దానికైన ఖర్చు పంట విలువకు ఎన్నో రెట్లు. డిసెంబరు నాటికి బాయికాట్ ఆ దేశమునే విడిచిపోయెను. అతని ఇంటిపేరు మాత్రము ఆ పద్ధతికి పేరై నిలిచినది.

ఇక్కడ గమనింపవలసినది ఒకటి కలదు. ఈ ఆయుధము పేదలు తుపాకికి బదులుగ ఎత్తినది. చట్టము, పోలీసు, ధనము ఎదుటివాని పక్షమున ఉన్నప్పుడు బలహీనుల చేతిలో మిగులునది తమ సహకారమును ఉపసంహరించుకొను శక్తి యొక్కటే. బహిష్కారమును సమర్థించువారి వాదములో ఇది మిక్కిలి బలమైన మాట. దీనిని త్రోసివేసి చేయు విచారణ న్యాయము కానేరదు.

ఒక రూపాయి నాలుగణాల జరిమానా

రెండవ ఉదాహరణము వర్తక కుటుంబములకు మరింత దగ్గరిది. 1888లో మోహనదాసు గాంధీ చదువు నిమిత్తము విలాయతు పోవ నిశ్చయించెను. బేచర్జీ స్వామి అను జైన సాధువు, పూర్వాశ్రమమున మోఢ్ బనియా కులస్థుడే, ఆ యువకునిచేత మద్యము, మాంసము, పరస్త్రీ విషయమై మూడు ప్రతిజ్ఞలు చేయించి, తల్లికి ధైర్యము చెప్పెను. తల్లి ఒప్పుకొనినది. కాని బొంబాయిలో కులపంచాయతి కూడి, సముద్రయానము ధర్మవిరుద్ధమని అడ్డు చెప్పెను. కులపెద్దయైన సేఠు గాంధీ తండ్రికి మిత్రుడే. అయినను యువకుడు మాట విననందున అతనిని వెలి వేసెను. అంతటితో ఆగలేదు. అతనికి సహాయము చేసినవారు, ఓడరేవుకు సాగనంప వచ్చినవారు ఒక రూపాయి నాలుగణాలు జరిమానా చెల్లించవలెనని ఆజ్ఞాపించెను.

ఆ స్వల్పమైన జరిమానా చేసిన పని చూడవలెను. ప్రయాణమునకై దాచిన సొమ్ము గాంధీ బావమరిది వద్ద ఉండెను. కులము పోగొట్టుకొనలేనని చెప్పి ఆయన ఆ సొమ్ము ఇయ్య నిరాకరించెను. కుటుంబ మిత్రుడొకడు అప్పిచ్చినందున ప్రయాణము సాగినది. 1891లో తిరిగివచ్చిన పిమ్మట నాసికలో స్నానము, రాజకోటలో కులభోజనము జరిగినవి. కులములో ఒక వర్గము చేర్చుకొనినది; ఒక వర్గము చేర్చుకొనలేదు. చేర్చుకొనని వర్గములోని అత్తవారు, తోబుట్టువు రహస్యముగ ఆదరింప సిద్ధపడినను, బహిరంగముగ చేయలేనిది రహస్యముగ చేయరాదని ఆయన వారి ఇండ్లలో మంచినీళ్లు సైతము త్రాగలేదు. కులముపై ద్వేషము పెంచుకొనలేదు. తరువాత వారిలోనే పలువురు ఆయన పనికి తోడ్పడినట్లు ఆత్మకథలో చెప్పబడినది.

ఈ వృత్తాంతములో వెలికి గల మూడు లక్షణములు స్పష్టముగ కనబడును. మొదటిది: ఆరోపణ చేసినవారే తీర్పరులు. ప్రతిజ్ఞలు చేసితినని యువకుడు చెప్పుకొన్నను తూచి చూచినవారు లేరు. రెండవది: శిక్ష ఒకనితో ఆగదు, వానితో మాట్లాడిన వానికిని తగులును. భయముతో నడచునది కాబట్టి, బావమరిది వంటి మంచివారిచేత సైతము చేయరాని పని చేయించును. మూడవది: దానికి గడువు లేదు. దొంగతనమునకు శిక్ష ఇన్ని నెలలని న్యాయస్థానము చెప్పును; వెలి ఎప్పుడు ముగియునో చెప్పువారుండరు. నేటి ఫోనులలోని వెలికి కూడ ఈ మూడు లక్షణములును ఉన్నవి. పైగా వేగము ఎక్కువ. పంచాయతి ఒక ఊరిలో కూడెడిది. ఇప్పుడు ముక్కుమొగము ఎరుగనివారు గంటలో తీర్పు చెప్పుచున్నారు. పదేండ్ల క్రిందటి మాటయు నేటి మాటవలె బయటికి వచ్చుచున్నది.

ఆయుధము ఎవరి చేతిది?

"మా లక్ష్యము మంచిది గనుక మా వెలి మంచిది" అని ప్రతి ఉద్యమమును తలచును. కాని పిడి ఎప్పుడును ఒకరి చేతిలోనే ఉండదు. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరములో కందుకూరి వీరేశలింగము పంతులు తొలి వితంతు వివాహము జరిపించినప్పుడు వెలి భయము సంస్కర్తలమీదికే తిరిగినది. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్యగారి వంటి వారు ధనసహాయము చేసి నిలువబట్టి ఆ పని సాగినది. 1927 మార్చి 20వ తేదీన మహద్‌లోని చవదారు చెరువు నీటిని డాక్టరు అంబేద్కరు నాయకత్వమున అస్పృశ్యులనబడినవారు త్రాగిరి. అటువంటి హక్కులు కోరినవారిపై గ్రామములలో విధింపబడిన బహిష్కారములను 1928లో బొంబాయి ప్రభుత్వము నియమించిన కమిటీ విచారించి, 1930లో నివేదిక ఇచ్చెను. దారులు మూసివేయుట, ఊరి బనియా నిత్యావసర వస్తువులు అమ్మకుండుట పేదలను లొంగదీయు బలమైన సాధనములని అందు వ్రాయబడినది. తరాజు పట్టిన చేయి ఇందు సాధనమైనదని వర్తకులు మరువరాదు.

అమెరికాలో 1947లో కమ్యూనిస్టు అనుమానముపై సినీ రచయితలు, దర్శకులు పదిమందిని పనిలోనుండి తొలగించిరి. అక్కడితో ఆగక నల్లజాబితా పెరిగినది. డాల్టన్ ట్రంబో అను రచయిత మారుపేర్లతో కథలు వ్రాసి బ్రతికెను. 1960లో గాని అతని స్వంత పేరు తిరిగి తెరపై కనబడలేదు. ఒక కాలమున ఒక పక్షము పట్టిన కత్తిని మరియొక కాలమున ఎదుటి పక్షము పట్టును. వెలివేయుట న్యాయమని నేడు నేర్పినవారు రేపు తమపై పడిన వెలిని అన్యాయమనుటకు నోరు లేనివారగుదురు.

సహాయ నిరాకరణమునకు హద్దు

అయినచో బలహీనులు చేతులు ముడుచుకొని కూర్చుండవలెనా? అక్కరలేదు. సహకారము మానుట వేరు, మనిషిని వెలివేయుట వేరు. 1920–21 సంవత్సరములలో సహాయ నిరాకరణోద్యమ కాలమున ఈ భేదమును గాంధీజీ 'యంగ్ ఇండియా' పత్రికలో వివరించిరి. ప్రజాభిప్రాయమును ధిక్కరించినవాని విందుకు పోకుండుట, బహుమానములు స్వీకరింపకుండుట తగును. వైద్యము మున్నగు అవసర సేవలు నిరాకరించుట అమానుషము, హింసతో సమానము అని వారి భావము. తాను వెలి రుచి చూచినవాడు గీచిన గీత ఇది.

ఆంధ్రదేశములో చీరాల–పేరాల ఉదాహరణము కలదు. పురపాలక సంఘమును, పెరిగిన పన్నులను వ్యతిరేకించి, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ప్రజలలో అధికభాగము ఊరు విడిచి, వెలుపల రామనగరమని పాకలు వేసికొని సుమారు 11 నెలలు కష్టపడిరి. వారు ఎదుటివారిని ఊరినుండి తరుమలేదు, తామే కదలిరి. నష్టము తమపై వేసికొనిరి. అమెరికాలోని మాంట్‌గొమరీ నగరమున 1955 డిసెంబరు 5 మొదలు 381 దినములు నీగ్రోలని నాడు పిలువబడిన నల్లజాతివారు బస్సులెక్కక నడచి పోయిరి. ముఖ్యమైన కోరిక: సీట్లలో వివక్ష పోవలెను. 1956 డిసెంబరులో వివక్ష పోయినది. మరునాడు వారే బస్సులెక్కిరి. కోరిన దానికి స్పష్టమైన రూపము, ముగింపునకు గుర్తు ఉండుట ఈ బహిష్కారమునకు శోభ.

"అయినను కొందరు దుర్మార్గులు పదవి చాటున దాగి ఉందురు, వారి పేరు బయటపెట్టకున్న బాధితులకు దిక్కేమి?" అని అడుగవచ్చును. పేరు బయటపెట్టుట, ఫిర్యాదు చేయుట, ప్రశ్నించుట వెలి కాదు. అవి న్యాయమునకు మొదటి మెట్లు. నిరూపణకు ముందే శిక్ష అమలు చేయుట, శిక్షను వాని భార్యాబిడ్డలకు, పనివారికి ప్రాకించుట వెలి అగును. అనేకాంతవాదము కూడ తప్పును ఒప్పని చెప్పదు. ఒక దృష్టితో చూచిన దానిని పూర్ణసత్యమని శాసింపవద్దని మాత్రము చెప్పును. వెలిలో జరుగునది ఆ శాసనమే.

చట్టము చెప్పునది

బొంబాయి రాష్ట్రము 1949లో చేసిన బహిష్కరణ నిరోధక చట్టమును 1962లో దావూదీ బోహ్రా గురువుల వ్యాజ్యములో సుప్రీంకోర్టు కొట్టివేసెను. మతసంస్థలు తమ వ్యవహారములను నిర్వహించుకొను హక్కు అందుకు ఆధారము. తరువాత మహారాష్ట్ర 2016లో సాంఘిక బహిష్కారమును నేరముగ చేసి, 3 సంవత్సరముల వరకు ఖైదు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేక రెండును విధింపవచ్చునని చట్టము చేసినది. షెడ్యూల్డు కులములు, తెగలవారిపై సాంఘిక, ఆర్థిక బహిష్కారము విధించుట, విధింతుమని బెదిరించుట 2015 సవరణచే దేశమంతటను నేరమైనది.

అంగడి ముందు అడుగవలసిన ప్రశ్నలు

ఫలానివాని వద్ద కొనవద్దు, ఫలానివానికి అమ్మవద్దు అను పిలుపు ఏ పక్షమునుండి వచ్చినను, సంతకము చేయుటకు ముందు అయిదు ప్రశ్నలు వేసికొనుట మంచిది.

1. ఇది ఒక పనిని ఆపుటకా, ఒక మనిషిని చెరుపుటకా?
2. ఆరోపింపబడినవాని మాట విన్నారా?
3. అన్నము, నీరు, మందు, పిల్లల చదువు దీనివలన ఆగునా?
4. మాట్లాడిన వానికి, సహాయము చేసిన వానికి కూడ శిక్ష కలదా?
5. ఏమి జరిగిన ఇది ముగియును? తిరిగి వచ్చుటకు దారి కలదా?

వీనికి సరియైన జవాబున్న బహిష్కారము ఉద్యమమునకు తగిన ఆయుధమే; పాల్గొనువారు కొంత నష్టమును తామును భరించి చేయవచ్చును. జవాబు లేనిది ఎంత గొప్ప పేరుతో వచ్చినను కులపంచాయతి వెలియే. అట్టి పిలుపు వచ్చినపుడు వర్తకుడు ఎదుటివాని రాజకీయములతో ఏకీభవింపనక్కరలేదు, వానిని పొగడనక్కరలేదు. వాని బిడ్డకు పాలడబ్బా, రోగికి మందు, ఇంటికి బియ్యము ఎప్పటి ధరకే తూచి ఇచ్చి, జరిమానా పడునన్న, ఆ రూపాయి నాలుగణాలు తన లెక్కలో ఖర్చు వ్రాసికొనుట మేలు.