ఒకే యంత్రము, పలువురు ఖాతాదారులు

దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్‌బీ నగర్ వరకు గల సందులలో దర్జీ దుకాణాలకు కొదువ లేదు. పండుగ ముందు రోజులలో అటువంటి దుకాణంలో కొంతసేపు నిలబడిన విద్యార్థికి ఆపరేటింగ్ సిస్టమ్ పాఠంలోని ఒక కఠినమైన అంశం సులభంగా బోధపడుతుందని మా అభిప్రాయం.

కుట్టుమిషను ఒక్కటే, బట్టలిచ్చినవారు అనేకులు. దర్జీ కొలతలను మిషను మీదనే సుద్దతో వ్రాసుకొన్నాడనుకొందాము. రెండవవాని కొలతలు వ్రాయగానే మొదటివానివి చెరిగిపోతాయి.

డివైస్ డ్రైవర్ వ్రాయ నేర్చుకొనేవారు మొదట చేసే తప్పు ఇదే. ఉష్ణోగ్రతను కొలిచే పరికరాన్ని ఒక ప్రోగ్రాము తెరచి సెంటీగ్రేడు కోరింది; మరొకటి వచ్చి ఫారన్‌హీటు కోరింది. ఆ కోరికను డ్రైవర్ అందరికీ ఒకే చోట దాచినట్లయితే మొదటి ప్రోగ్రాము 37కు బదులు 98.6 చదువుతుంది. ఏ హెచ్చరికా రాదు. దాచినది కొలమానం కాక రహస్యలిపి తాళపుచెవి అయినచో, ఒకరి గుట్టు మరొకరి చేత పడుతుంది.

యంత్రపు రిజిస్టర్లు, ఇంటరప్టు సంఖ్య అందరివీ. కొలమానం, చదువు ఎంతవరకు వచ్చిందనే గుర్తు ఒక్కరివే. ఆ ఒక్కరు ఎవరు? ప్రాసెస్ సంఖ్యను బట్టి పట్టిక కట్టుకోవాలని కొందరికి తోస్తుంది. అది చాలదు. ఒకే మనిషి తనకొక షేర్వానీ, తమ్మునికొక షేర్వానీ కుట్టమని ఇచ్చిపోవచ్చు. పేరును బట్టి కొలతలు దాస్తే తమ్ముని చేతులు పొడుగవుతాయి. అట్లే ఒక ప్రాసెస్ అదే పరికరాన్ని రెండుసార్లు తెరువవచ్చు. ఫోర్క్ చేత పుట్టిన పిల్ల ప్రాసెస్ తల్లి తెరచిన ఫైలునే పంచుకొంటుంది. ముగిసిన ప్రాసెస్ సంఖ్య కొంతకాలానికి మరొకదానికి రావచ్చును కూడా. కనుక స్థితి మనిషికి కాదు, రసీదుకు చెందినది. అనగా పరికరాన్ని తెరచిన ఒక్కొక్క పర్యాయానికి.

లినక్స్‌లో ఓపెన్ పిలుపు వచ్చినప్పుడెల్లా కెర్నెల్ ఒక స్ట్రక్ట్ ఫైల్‌ను కల్పిస్తుంది. అందులో ప్రైవేట్ డేటా అనే గడి ఉన్నది. డ్రైవర్ కొంత మెమరీ కేటాయించుకొని దాని చిరునామాను ఆ గడిలో ఉంచుతుంది. కెర్నెల్ దానిని విప్పి చూడదు. రీడ్, రైట్ వచ్చిన ప్రతిసారీ భద్రంగా తిరిగి అందిస్తుంది. మన ఊరి మాటలో ఇది అమానతు. ఫ్రీబీఎస్‌డీలో అమానతుతోపాటు దానిని రద్దుచేసే ఫంక్షన్‌ను కూడా ముందే అప్పగిస్తారు; ఈ పద్ధతి మాకు ఎక్కువ నచ్చినది. కేటాయించిన మెమరీని సున్నలతో నింపుట మరువరాదు, లేనిచో పాతవాని శేషం కొత్తవానికి కనబడవచ్చు.

ఇక విడుదల. క్లోజ్ అన్నప్పుడెల్లా డ్రైవర్ యొక్క రిలీజ్ పిలువబడదు. ఆ ఫైలును పట్టుకొన్నవారిలో చివరివారు వదలినప్పుడే పిలువబడుతుంది. తల్లి మూయగానే మెమరీని విడిపిస్తే పిల్ల ప్రాసెస్ లేని కాగితాన్ని చదవబోతుంది.

యూఎస్‌బీ పరికరాన్ని ఊడదీసినప్పుడు చిక్కు ఇంకా పెద్దది. పరికరం పోయినా తెరచిన ఫైలు బ్రతికే ఉంటుంది. అందుచేత తెరచిన ప్రతిసారీ పరికరపు లెక్కకు ఒకటి కలపాలి, రిలీజ్‌లో ఒకటి తీయాలి. ఊడిన వెంటనే ‘పోయినది’ అని గుర్తు పెట్టి, తరువాతి రీడ్‌కు దోషసంఖ్యను తిరిగి ఇవ్వాలి. లెక్క సున్న అయిననాడే పరికరపు మెమరీని విడిపించాలి. ఆ గుర్తును చూచుటకు, యంత్రాన్ని ముట్టుటకు నడుమ తీగ ఊడవచ్చును గనుక రెండూ ఒకే తాళం క్రింద జరగాలి.

డ్రైవర్ వ్రాసిన విద్యార్థులు పరికరాన్ని తెరచి, ఫోర్క్ చేసి, తల్లిలో మూసి, పిల్లలో చదివి చూడగోరుతాము. పిమ్మట తీగ ఊడదీసి మరల చదవండి.