వెల్లుల్లి ఒలవడం నుండి పోపు పెట్టడం దాకా – వంటింట్లో తెలిసి చేయవలసిన పనులు

వెల్లుల్లి వాడని రోజు మన ఇళ్లలో తక్కువ. తెలంగాణలో ఎల్లిగడ్డ అన్నా, రాయలసీమలో తెల్లగడ్డ అన్నా వస్తువు ఒకటే. పప్పు పోపులో, చారులో, కారప్పొడిలో, ఆవకాయలో అది పడవలసిందే. ఓ.పి.కి వచ్చేవారు దీన్ని గురించి మమ్మల్ని రెండు ప్రశ్నలు అడుగుతుంటారు. "ఒలవడం పెద్ద పని, తేలిక మార్గం ఏదైనా ఉందా?" అనేది మొదటిది. "రోజూ పరగడుపున తింటే బి.పి. మాత్రలు మానేయవచ్చా?" అనేది రెండవది. మొదటిది తీరికకు సంబంధించినది, రెండవది ప్రాణానికి సంబంధించినది. రెంటికీ ఈ పాఠంలో జవాబు చెప్పుకుందాం.

1. తేలికగా ఒలిచే పద్ధతులు

నాలుగైదు రెబ్బలే కావలసి వస్తే, రెబ్బను పీట మీద పెట్టి వెడల్పాటి చాకును అడ్డంగా ఆనించి అరచేతితో గట్టిగా నొక్కండి. పొట్టు దానంతటదే విడిపోతుంది. చాకు లేకపోతే గిన్నె అడుగుతోనైనా నొక్కవచ్చు.

ఒక గడ్డ మొత్తం ఒలవాలంటే రెబ్బలు విడదీసి గోరువెచ్చని నీళ్లలో 10–15 నిమిషాలు నానబెట్టండి. పొట్టు మెత్తబడి వేళ్లతో లాగగానే వస్తుంది.

పచ్చళ్ల కాలంలో కిలోల లెక్కన ఒలవాలంటే నీళ్లు తగలకూడదు. తడి ఉంటే పచ్చడి బూజు పడుతుంది. రెబ్బలకు కొంచెం నూనె రాసి ఎండలో ఒకటి రెండు గంటలు ఉంచండి. తర్వాత గుడ్డలో వేసి నలిపి, చేటతో చెరిగితే పొట్టు ఎగిరిపోతుంది.

2. దంచాక పది నిమిషాలు ఆగండి

వెల్లుల్లి రెబ్బను దంచక ముందు దానికి పెద్దగా వాసన ఉండదు. దంచినప్పుడు లోపలి కణాలు పగిలి, ఆలియిన్ అనే పదార్థం, ఆలినేజ్ అనే ఎంజైము కలుస్తాయి. అప్పుడు ఆలిసిన్ తయారవుతుంది. ఆ ఘాటు దానిదే. ఆలిసిన్‌కు సూక్ష్మక్రిములను అడ్డుకునే గుణం ఉందని 1944లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు.

దంచిన వెంటనే మరిగే నూనెలో వేస్తే వేడికి ఎంజైము పనిచేయడం మానేస్తుంది. అందుకే ముందు వెల్లుల్లి దంచి పక్కన పెట్టి, తర్వాత ఉల్లిపాయలు, కూరగాయలు తరుక్కోండి. పది నిమిషాలు ఇట్టే గడిచిపోతాయి.

3. నిల్వ చేసే ముద్దతో జాగ్రత్త

అల్లం వెల్లుల్లి ముద్ద ఒకేసారి నూరి పెట్టుకుంటే పని తేలికే. కాని దాన్ని బయట ఉంచవద్దు. వెల్లుల్లి మట్టిలో పెరుగుతుంది. మట్టిలో బొట్యులిజం అనే జబ్బును కలిగించే క్రిమి బీజాలు ఉంటాయి. గాలి తగలని చోట, పులుపు లేని చోట అవి పెరిగి విషాన్ని తయారు చేస్తాయి. నూనెలో మునిగిన వెల్లుల్లి సరిగ్గా అలాంటి చోటే. 1985లో కెనడాలోని వాంకూవర్ నగరంలో ఒక హోటలులో, ఫ్రిజ్‌లో పెట్టకుండా ఉంచిన నూనె వెల్లుల్లి తిని 36 మంది ఈ జబ్బున పడ్డారు.

ఈ విషం ఉన్న ఆహారం వాసనలో, రుచిలో తేడా లేకుండా ఉండవచ్చు. కాబట్టి:

• నూనెలో వేసిన వెల్లుల్లినీ, ముద్దనూ ఫ్రిజ్‌లోనే ఉంచి నాలుగు రోజుల్లో వాడేయండి.
• ఎక్కువ రోజులకు కావాలంటే చిన్న చిన్న ముద్దలుగా చేసి ఫ్రీజర్‌లో గడ్డకట్టించండి.
• ఫ్రిజ్ లేని ఇంట్లో ఏ పూటకు ఆ పూట దంచుకోవడమే మేలు.

మరి ఆవకాయ మాటేమిటని మీరు అడగవచ్చు. అందులో మామిడి పులుపు, దండిగా ఉప్పు ఉంటాయి. ఆ రెండూ ఈ క్రిమిని పెరగనివ్వవు. ఉప్పు తగ్గించి, పులుపు లేకుండా చేసే నిల్వకు ఆ రక్షణ ఉండదు.

చూపు రెండుగా కనిపించడం, కనురెప్పలు వాలిపోవడం, మాట తడబడటం, మింగలేకపోవడం ఈ జబ్బు గుర్తులు. ఇవి కనిపిస్తే ఇంట్లో ఆగకుండా వెంటనే ఆసుపత్రికి రండి.

4. మిరపకాయలు, పోపు

పచ్చిమిరపకాయలు తరిగిన చేతుల మంట ఉత్త నీళ్లకు పోదు. ఆ ఘాటు నూనెలో కరుగుతుంది. ముందు చేతులకు వంటనూనె రాసి, తర్వాత సబ్బుతో కడుక్కోండి. అంతవరకు కళ్లు తుడుచుకోవద్దు, చంటిబిడ్డను ఎత్తుకోవద్దు.

పోపులో వేసే వెల్లుల్లి, కరివేపాకు తడి లేకుండా తుడిచి వేయండి. నీటి చుక్క పడితే నూనె ఎగిరి ముఖం మీద చిందుతుంది. నూనె అంటుకుంటే నీళ్లు పోయకండి. స్టవ్ ఆపి, మూకుడు మీద మూత పెట్టండి.

చెయ్యి కాలితే 20 నిమిషాలు కుళాయి నీళ్ల కింద ఉంచండి. గాజులు, ఉంగరాలు వెంటనే తీసేయండి. పేస్టు, ఇంకు, పసుపు పూయవద్దు. బొబ్బ పెద్దదైనా, ముఖం మీద కాలినా, పిల్లలకు కాలినా డాక్టరుకు చూపించండి.

5. వెల్లుల్లి మందుకు బదులు కాదు

ఇప్పుడు రెండవ ప్రశ్న. వెల్లుల్లి వల్ల రక్తపోటు కొద్దిగా తగ్గవచ్చని కొన్ని పరిశోధనలు చెబుతున్నాయి. అంతమాత్రాన అది మాత్రకు సమానం కాదు. మాత్ర మానిన వారం రోజులూ ఒంట్లో ఏమీ తెలియకపోవచ్చు. బి.పి. పెరిగినా చాలామందికి నొప్పి ఉండదు. కాని లోపల మెదడు, గుండె, మూత్రపిండాలు దెబ్బతింటూనే ఉంటాయి. కొందరికి పక్షవాతం వచ్చిన తర్వాతే సంగతి తెలుస్తుంది. వెల్లుల్లి కూరలో తినండి, మాత్ర మాత్రం మానకండి.

మరి మూడు సంగతులు గుర్తుంచుకోండి:

• రక్తం పలచబడే మందులు వాడేవారు పచ్చి వెల్లుల్లి ఎక్కువగా గాని, వెల్లుల్లి మాత్రలు గాని డాక్టరును అడగకుండా తీసుకోవద్దు. రక్తస్రావం పెరిగే ప్రమాదం ఉంది. కూరలో వేసే రెండు మూడు రెబ్బలకు భయపడనక్కరలేదు.
• ఆపరేషన్‌కు ముందు, వెల్లుల్లి మాత్రలు వాడుతుంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి.
• నొప్పికని, జలుబుకని పచ్చి వెల్లుల్లి నూరి చర్మానికి కట్టవద్దు. చర్మం కాలి బొబ్బలెక్కుతుంది. పసిపిల్లల చర్మం ఇంకా సున్నితం.

ఇంటిల్లిపాది మాట్లాడుకోండి

1. మన ఇంట్లో అల్లం వెల్లుల్లి ముద్ద ఎక్కడ ఉంది? ఎప్పుడు నూరినది?
2. చెయ్యి కాలితే మొదట ఏమి చేయాలో పిల్లలకు తెలుసా?
3. ఇంట్లో పెద్దవారు ఎవరైనా మాత్రలు మానేసి ఇంటి చిట్కా మీద ఆధారపడుతున్నారా?

మూడవ ప్రశ్నకు జవాబు "అవును" అయితే, వారిని కోప్పడకుండా తోడుగా వెంటబెట్టుకుని రండి. బి.పి. చూడటానికి రెండు నిమిషాలే పడుతుంది.